మీ పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్‌చేంజ్) బాక్సులో సెంట్‌ఓఎస్ 7 ఉంటే, రెన్యువల్‌కు ముందు ఇది చదవండి

కస్టమర్లందరికీ నమస్కారం. ఈసారి ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రెన్యువల్‌కు ఒక కొత్త షరతు పెడుతున్నాం. సూటిగానే చెప్పేస్తాం: సెంట్‌ఓఎస్ 7 ఉన్న బాక్సును డెబియన్ 12 అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మార్చుకోవాలి, లేదంటే దాని సెక్యూరిటీ బాధ్యత మేం తీసుకోం.

మీ దగ్గర మేం పెట్టిన బాక్సుల్లో కాల్స్ నడిపేది ఆస్టరిస్క్, సెట్టింగుల స్క్రీను ఫ్రీపీబీఎక్స్. రెండూ ఓపెన్ సోర్స్, వాటి అప్‌డేట్లు వేస్తూనే ఉన్నాం. చిక్కల్లా వాటి కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే. పాత బాక్సుల్లో అది సెంట్‌ఓఎస్ 7. దానికి 2024 జూన్ 30తో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి.

"బాగానే పనిచేస్తోంది కదండీ, ఎందుకు కదిలించడం?" అని కొందరు అంటున్నారు. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్‌లో పెద్ద లోపం బయటపడింది. అడ్మిన్ స్క్రీను ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నచోట హ్యాకర్లు పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి దూరారు. దానికి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వెంటనే వచ్చింది. అలాంటి లోపమే రేపు సెంట్‌ఓఎస్ 7 కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) బయటపడితే మీ బాక్సుకు ప్యాచ్ రాదు. దూరినవాళ్లు సాధారణంగా రాత్రిళ్లు, సెలవుల్లో నిమిషానికి ఎక్కువ ఛార్జ్ పడే విదేశీ ప్రీమియం నంబర్లకు వరసగా కాల్స్ పెడతారు. ఆ డబ్బులో వాళ్లకు వాటా, బిల్లేమో మీ పేరున. ఐఎస్‌డీ (విదేశీ కాల్స్ సౌకర్యం) ఆపించేసుకున్నవాళ్లకు ఆ టెన్షన్ తక్కువే, కానీ కాల్ రికార్డింగులు కూడా అదే బాక్సులో ఉంటాయి.

మార్చేది ఫ్రీపీబీఎక్స్ 17 వెర్షన్‌కు, అది నడిచేది డెబియన్ 12 మీద. డెబియన్ 12కు 2028 జూన్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేసే దారి లేదు. బ్యాకప్ తీసి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ ఎక్కించాలి. పైగా ఫోన్లను ఆస్టరిస్క్‌కు కలిపే పాత చాన్‌సిప్ డ్రైవర్‌ను ఆస్టరిస్క్ 21 నుంచి తీసేశారు కాబట్టి దాని మీదున్న ఎక్స్‌టెన్షన్లన్నీ దాని బదులు వాడే పీజేసిప్ డ్రైవర్‌కు మార్చాలి. బాగా పాత ఐపీ ఫోన్లు కొన్ని మొరాయించవచ్చు. ఆ ఫోన్లు మార్చాలో వద్దో ముందే పరీక్షించి చెప్తాం.

పీఆర్‌ఐ కార్డు (టెలికాం కంపెనీ డిజిటల్ లైన్‌ను బాక్సుకు కలిపేది) ఉన్నవాళ్లకు ఇంకో మాట. కార్డును నడిపే డాహ్డీ మాడ్యూల్ (డ్రైవర్ సాఫ్ట్‌వేర్) కెర్నెల్‌కు తగ్గట్టు ఉండాలి. కెర్నెల్ మారి, మాడ్యూల్ మారకపోతే రీస్టార్ట్ తర్వాత లైన్ లేవదు. అందుకే డెబియన్‌కు మారాక కూడా కెర్నెల్ అప్‌డేట్‌ను ఆటోమేటిక్‌గా వదలం. మిగతా సెక్యూరిటీ ప్యాకేజీలు వాటంతటవే పడతాయి, కెర్నెల్ మాత్రం మా మనిషి మీ దగ్గర ఉన్నప్పుడే.

ఈ మార్పు ఏఎంసీలో కలవదు, ఛార్జ్ విడిగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉచితమే, పని కాదు. వద్దనుకుంటే మానేయొచ్చు. అప్పుడు ఫోన్లు, వైరింగ్ వరకే చూస్తాం, సెక్యూరిటీ బాధ్యత తీసుకోం, అడ్మిన్ స్క్రీనును ఇంటర్నెట్ నుంచి తప్పించేస్తాం.

పని ఆదివారం రాత్రి చేస్తాం, ఆ సమయంలో ఫోన్లు మోగవు. ఎమర్జెన్సీ నంబరు నడిపే ఆసుపత్రులవాళ్లు ఆ కొన్ని గంటలకు ఏ మొబైల్‌కు కాల్స్ మళ్లించాలో ముందే చెప్పండి. పాత రికార్డింగులు కావాలనుకునేవాళ్లు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు సిద్ధంగా ఉంచండి.