శనివారం రాత్రి గీత

లెస్టర్
జూన్ 8

నాన్నగారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి. ఈ మాట రాసి ఎన్నేళ్లయిందో. రోజూ ఫోను చేస్తూ మళ్లీ ఉత్తరమెందుకని అమ్మ నవ్వుతుంది. కానీ ఏప్రిల్‌లో వచ్చినప్పుడు మీ చేతికి ఆ షుగరు సెన్సర్ అంటించి వెళ్లిన దగ్గర్నుంచి ఫోనులో మనం మాట్లాడుకున్నదేమీ లేదు. నేను "ఇప్పుడెంతుంది నాన్నా?" అంటాను. మీరు "నీకు కనిపిస్తూనే ఉందిగా" అంటారు. ఆ పైన ఇద్దరికీ మాట ఉండదు. కాగితం మీదైతే నేను మధ్యలో అడ్డుపడలేను, మీరు ఫోను అమ్మకిచ్చి లేచిపోలేరు.

ముందుగా మామిడిపండు సంగతి. ఆ మధ్యాహ్నం నా ఫోనులో మీ అంకె 214 చూపించగానే ఆఫీసులోంచి లేచి వెళ్లి మెట్ల దగ్గర నిలబడి మీ మీద కేకలేశాను. ఒక్క చిన్నరసం. అదీ బ్రాడీపేట వీధిలోకి బండి వస్తే అమ్మ బేరమాడి కొన్న డజనులోది. ఆ సాయంత్రం మీరు ఫోనును బీరువాలో పెట్టి తాళం వేశారని తమ్ముడు చెప్పాడు. మీకొక రహస్యం చెప్పాలి: మీ చేతి మీది ఆ సెన్సర్ బిళ్ల కొన్ని గంటల లెక్కను తనలోనే దాచుకుంటుంది. ఫోను బీరువాలోంచి బయటికి రాగానే మధ్యలో ఖాళీ మొత్తం నిండిపోయింది. సాయంత్రం పకోడీలతో సహా! కానీ ఆ రోజు నాకు నవ్వు రాలేదు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి తన కూతురికి భయపడి తన ఫోనును బీరువాలో దాచుకున్నాడే అని సిగ్గేసింది.

పద్నాలుగు రోజులూ అయ్యాక ఆ గీతలన్నీ ఒకే కాగితం మీద అచ్చు తీసి వంటింటి బల్ల మీద పరిచాను. తీరిగ్గా చూస్తే నేను కేకలేసినదంతా తప్పు చోట వేశానని తేలింది.

రసం తిన్న రోజు మీ షుగరు 214 దాకా వెళ్లి రెండు గంటల్లో దిగివచ్చింది. మీరు భోజనం తగ్గించుకుని తిన్నారు, తర్వాత వరండాలో అటూ ఇటూ తిరిగారు కాబట్టి. అదే నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి, పైన చక్కెర వేసిన కాఫీతో రోజూ ఉదయం పదింటికి 250 దాటుతోంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పరగడుపున ల్యాబులో ఇచ్చిన రక్తం 118 చూపిస్తుంది, మీరు చొక్కా జేబులో ఆ కాగితం మడిచి పెట్టుకుని ధీమాగా ఇంటికొచ్చి ఇడ్లీలు తింటారు. నలభై ఏళ్లు మిర్చి యార్డులో గుమస్తాగిరీ చేసిన మీకు నేను చెప్పాలా? ఒక్క టిక్కీ బస్తా విప్పి పైన దోసెడు కాయలు చూసి లాటంతా అంతేనని రాసుకునే వ్యాపారి ఎన్నాళ్లు నిలుస్తాడు? మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా అలాంటిదే. ఏడాది చివర ఆవర్జాలో తేలిన నిలువ అది. ఏ రోజు నష్టపోయామో చిట్టా చూస్తేనే తెలుస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. అర్ధరాత్రి ఫోను చేసి మిమ్మల్నిద్దరినీ లేపిన బుధవారం గుర్తుందా? ఇక్కడ ఇంగ్లండ్‌లో రాత్రి తొమ్మిదిన్నర. గిన్నెలు కడుగుతుంటే అలారం మోగింది, 58. అమ్మ కంగారుగా చక్కెర నీళ్లు కలిపింది, మీరు తిట్టుకుంటూ వేలికి సూది పొడుచుకుంటే మీటర్ 112 చూపించింది. యంత్రం దొంగదని అప్పుడే తీర్మానించేశారు. యంత్రం తప్పు చెప్పిన మాట నిజమే, కానీ దానికో కారణం ఉంది. మీరు ఎడమచేతి మీద పడుకున్నారు. ఆ బిళ్ల కింద ఉన్న సన్నని తీగ రక్తంలో ఉండదు. చర్మం కింద, కణాల మధ్య ఊరే నీటిలో ఉంటుంది. ఒళ్లు దాని మీద ఆనితే అక్కడికి చేరే చక్కెర తగ్గి, షుగరు పడిపోయినట్టు కనిపిస్తుంది. పక్కకి తిరిగితే మళ్లీ సర్దుకుంటుంది. అందుకే కుడివైపు తిరిగి పడుకోమన్నది.

ఆ నీటి వల్లే ఇంకో ఆలస్యం కూడా. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలిన క్షణంలోనే తెనాలి అవతల మన చివరి పొలం తడవదు కదా. రక్తంలో షుగరు మారిన కొన్ని నిమిషాలకు గానీ సెన్సర్‌లో ఆ మార్పు తెలియదు. అన్నం తిన్న వెంటనే వేలి అంకె, చేతి అంకె కలవకపోతే రెండింటిలో ఒకటి అబద్ధం చెబుతున్నట్టు కాదు.

ఆ బుధవారం మీరు కోప్పడ్డారని నేను చేసిన పని ఇప్పుడు తలుచుకుంటే గుండె జారుతోంది. నా ఫోనులో అలారం శబ్దం తీసేశాను. తమ్ముడు మీ ఫోనులోనూ తీసేశాడు. తర్వాత వచ్చిన రెండు శనివారాలూ రాత్రి రెండున్నరకూ నాలుగుకూ మధ్య మీ గీత కిందికి జారింది. ఒకసారి 61, ఒకసారి 57. మీరు నిద్రలో, నేను టీవీ ముందు. ఎవరికీ వినిపించలేదు. ఆదివారం పొద్దున అమ్మ ఫోనులో అన్న మాట నాకు బాగా గుర్తుంది: "మీ నాన్న బనియను పిండితే నీళ్లు కారేలా ఉంది, రాత్రంతా ఒకటే ఉక్కపోత." మే నెల గుంటూరులో చెమట పట్టిందంటే ఎవరు మాత్రం అనుమానిస్తారు? అది ఉక్కపోత కాదమ్మా, షుగరు పడిపోతే పట్టే చెమట. అమ్మకు ఈ వాక్యం చదివి వినిపించండి.

శనివారమే ఎందుకంటే, ఆ రోజు మీరు వెంకటేశ్వరస్వామికి ఒంటిపూట ఉంటారు. రాత్రి రెండు అరటిపళ్లు, గ్లాసు మజ్జిగ. మాత్ర మాత్రం ఎప్పటిదే వేసుకుంటారు. సల్ఫోనైల్‌యూరియా రకం మాత్రలు మీరు తిన్నారా లేదా అని చూడవు, ఇన్సులిన్ వదలమని క్లోమాన్ని తరుముతూనే ఉంటాయి. మీ శనివారాలు పదిహేనేళ్ల నుంచీ నడుస్తున్నాయి, ఆ మాత్ర మూడేళ్ల నుంచీ. ఇలా ఎన్ని రాత్రులు గడిచాయో! ఆ కాగితం తమ్ముడి చేత డాక్టరుగారికి చూపించింది మంచిదైంది. ఉపవాసం మానమనకుండా ఆ మాత్ర సంగతి మార్చారు చూశారా, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఆయన రాసిన దాని ప్రకారమే నడవండి. మీ అంతట మీరు మరో మాత్ర కోసుకుని సగం వేసుకోవద్దు.

మీ వయసువాళ్లకు లెక్క కూడా వేరే. 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ఈ సెన్సర్ గీతలను ఎలా చదవాలో రాసింది. మామూలుగా వయోజనులకు రోజులో 70 శాతం సమయం 70కీ 180కీ మధ్య ఉండాలన్నారు. పడిపోయే ప్రమాదమున్న వృద్ధులకు 50 శాతం దాటితే చాలన్నారు, కానీ 70 కిందికి పోవడం ఒక్క శాతానికి మించకూడదు. అంటే రోజుకు పావుగంట. మీది ఆ మధ్యలో 61 శాతం ఉంది, కానీ గీత జారిన ఆ రెండు రోజుల్లోనూ 70 కింద నాలుగు శాతం. రసం తిన్నందుకు మిమ్మల్ని తిట్టిన నేను చూడవలసినది పైకి లేచిన గీతను కాదు, ఈ నాలుగును.

తాతగారి గాజు గొట్టం కథ మీరే చెప్పారు. స్పిరిటు దీపం, నీలి రంగు బెనెడిక్ట్ ద్రావకం, అందులో మూత్రం ఎనిమిది చుక్కలు. కర్ర పట్టకారుతో గొట్టం పట్టుకుని మరిగించే పని మీది. నీలం అలాగే ఉంటే ఆ రోజు తాతగారు హాయిగా భోంచేసేవారు, పచ్చబడితే ముఖం ముడిచేవారు, ఇటుక రంగు వస్తే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. రక్తంలో షుగరు సుమారు 180 దాటితేగానీ మూత్రంలోకి రాదు. కాబట్టి అది పెరగడాన్ని ఆలస్యంగా చెప్పేది, పడిపోవడాన్ని అసలు చెప్పేది కాదు. నీలం చూసి హాయిగా పడుకున్న రాత్రుల్లో తాతగారికీ ఎన్ని బనియన్లు తడిశాయో.

కానీ ఆ గొట్టంలో ఒక న్యాయం ఉంది. రంగు చూసేది తాతగారే. తర్వాత వచ్చిన యంత్రాలు ఆ హక్కు లాగేసుకున్నాయి. అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టైన్ అని ఒక ఇంజనీరు ఉండేవాడు. పన్నెండో ఏటి నుంచీ షుగరు వ్యాధి. 1969 ప్రాంతంలో రక్తపు చుక్కతో షుగరు చెప్పే మీటర్ ఒకటి వచ్చిందని చదివాడు. కిలోకు పైబడిన బరువు. దాన్ని డాక్టర్లకూ ఆసుపత్రులకే అమ్ముతారట, రోగికి అమ్మరట. అదృష్టంకొద్దీ ఆయన భార్య డాక్టరు. ఆమె పేరు మీద కొనుక్కుని రోజుకు అయిదారు సార్లు తన రక్తం తానే చూసుకున్నాడు. ఒక రోగి మాట వైద్య పత్రికలు వేసుకోకపోతే నలభై అయిదో ఏట వైద్య కళాశాలలో చేరి డాక్టరయ్యాడు. తొంభై దాకా బతికాడు. ఈ రోజు మీ బల్ల మీదున్న మీటర్ మీరు నిస్సంకోచంగా వాడుకుంటున్నారంటే అలాంటివాళ్ల మొండితనం అందులో ఉంది.

ఒంటికి అంటించుకునే సెన్సర్‌దీ అదే కథ. లీలాండ్ క్లార్క్ అనే శాస్త్రవేత్త 1962లోనే చక్కెరను పట్టే ఎంజైమును విద్యుత్ కడ్డీకి పూసి కొలవవచ్చన్నాడు. మీ చేతి మీది బిళ్లలో ఇప్పటికీ జరిగేది దాదాపు అదే. అది ఒంటి మీదికి వచ్చేసరికి 1999. మూడు రోజులు పెట్టుకోవాలి. అంకెలు పెట్టుకున్నవాడికి కనిపించవు, తర్వాత డాక్టరు తన కంప్యూటర్‌లోకి దించుకుని చూసేవాడు. తన చిట్టా తనకే చూపించని కొట్టు! 2014లో యూరప్‌లో ఫ్రీస్టైల్ లిబ్రే అనే సెన్సర్ వచ్చాక వేలిని పొడవకుండానే, ఎవరినీ అడగకుండానే తన అంకె తాను చూసుకోవడం మామూలైంది. ఇక్కడ మా పక్కింటి తొమ్మిదేళ్ల పిల్లవాడికి టైప్ వన్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారు కాని రకం షుగరు. వాడి సెన్సరూ, ఇన్సులిన్ పంపూ తమలో తాము మాట్లాడుకుని మందు పెంచుకుంటాయి, తగ్గించుకుంటాయి. ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. వాడు ఫుట్‌బాల్ ఆడుతూ దాని ఊసే మరిచిపోతాడు. మన దేశంలో 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం లెక్క ప్రకారం షుగరు ఉన్నవాళ్లు 10.1 కోట్లు. పద్నాలుగు రోజులకొక సెన్సర్‌కు వేల రూపాయలు పెట్టగలిగినవాళ్లు అందులో ఎందరు?

ఇదంతా ఎందుకు తవ్వానంటే, డాక్టర్ల చేతిలోంచి రోగి చేతికి రావడానికి ఇన్నేళ్లు పట్టిన అంకెను నేను ఒక్క బటన్‌తో లెస్టర్‌కు లాక్కొచ్చాను. మీరు దాన్ని బీరువాలో దాచుకోవలసి వచ్చింది. అందుకే నిన్న రాత్రి మీ అంకెలు చూసేవాళ్ల జాబితాలోంచి నా పేరు తీసేశాను. ఇది అలిగి చేసినది కాదు.

బదులుగా మూడు పనులు చేయండి. మీ ఫోనులో తక్కువ షుగరు అలారం మళ్లీ పెట్టించి, రాత్రి తల దగ్గర ఉంచుకోండి. మోగితే వేలు పొడిచి చూసుకోండి. చెమట, వణుకు ఉంటే చూడకుండానే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగండి. రెండోది, సెన్సర్ ఏడాదంతా అక్కర్లేదు. మూడు నాలుగు నెలలకోసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్లే ముందు రెండు వారాలు పెట్టుకుంటే చాలని నా అభిప్రాయం, ఆయననూ అడగండి. మూడోది, స్ట్రిప్పుల డబ్బా పొయ్యి పక్క కిటికీలోంచి తీసి పడకగదిలో పెట్టండి, మూత బిగించి. ఆ వేడికీ ఆవిరికీ అవి పాడవుతాయి.

తమ్ముడు పంపిన ఫొటోలోని చేతి గడియారం కొనకండి. సూది లేకుండా, సెన్సర్ లేకుండా షుగరు చెబుతుందని అమ్మే గడియారాలనూ ఉంగరాలనూ నమ్మవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. దాన్ని చూసి మాత్ర వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పోయినేడాది నేను ఇక్కడి నుంచి పంపిన మీటర్ కూడా ఎవరికైనా ఇచ్చేయండి. అది 9.4 చూపిస్తే మీరు మూడు నెలల సగటు అనుకుని రెండు రోజులు సరిగ్గా తినలేదు. ఇక్కడి కొలత వేరు, పద్దెనిమిదితో హెచ్చవేయాలి. 9.4 అంటే మన లెక్కలో 169. అది నా తొందరపాటు, మీ అమాయకత్వం కాదు.

పాత బిళ్ల అంచుల జిగురు వదలకపోతే కొబ్బరినూనె రాసి కాసేపాగి తీయమని చెప్పండి తమ్ముడికి. లాగొద్దు, మీ చర్మం పలచన.

ఆదివారం ఫోను చేస్తాను. రసాల కాలం ఇంకా ఉందా, అయిపోయిందా? ఉంటే ఈసారి నూజివీడువా, ఎంతకిచ్చాడు, పులుపు తగిలిందా, అవి చెప్పండి.

అమ్మకు నమస్కారాలు. తమ్ముడికి ఆశీస్సులు.

ఇట్లు
మీ కూతురు
సుజాత