ఇష్టంలేని నర్సు ఉద్యోగం: ఇంటర్వ్యూకు వెళ్లాలా, మానాలా?

సంపాదకులకు నమస్కారం.

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికందగానే ప్రైవేటు ఆసుపత్రుల నుంచి పిలుపులు మొదలవుతాయి. కోరుకున్నది ఐసీయూ అయితే పిలుపు డయాలిసిస్‌కు వస్తుంది. ఇల్లు నంద్యాలలో ఉంటే ఉద్యోగం హైదరాబాద్‌లో, అదీ నైట్ డ్యూటీల మీద. ‘వెళ్లి చూసిరా, పోయేదేముంది’ అంటారు ఇంట్లోవాళ్లు. ‘ఇష్టం లేనప్పుడు ఛార్జీలు దండగ’ అంటారు స్నేహితులు. ఎవరి మాటా వినే ముందు, వద్దనిపించడానికి కారణం ఏమిటో రాసుకోవాలి. అది అడిగితే మారేదా, మారనిదా అన్నదే తేల్చుకోవాల్సింది.

డిపార్ట్‌మెంటు, చేరే తేదీ, నెలకు ఎన్ని నైట్లు, హాస్టల్ గది, జీతంలో కొంత భాగం అడిగితే మారతాయి. స్టాఫ్ చాలని ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్ ఇవన్నీ సర్దగలరు. అలాంటి కారణమైతే వెళ్లాలి. ఊరు మారదు. బాండు (ఇంతకాలం మానకుండా పనిచేస్తానని రాసిచ్చే పత్రం) చాలాచోట్ల మారదు. పాలు తాగే బిడ్డ ఉన్న తల్లికి అసలు నైట్లే కుదరవంటే, ‘నైట్లు లేకుండా ఖాళీ ఉందా’ అని ఫోన్‌లో ఒక్క మాట అడిగితే చాలు. దానికోసం రాత్రంతా బస్సులో ప్రయాణం చేయనక్కర్లేదు.

జీతం నచ్చక వద్దనుకునేవారు ముందు లెక్క సరిగా వేసుకోవాలి. ఫోన్‌లో చెప్పేది ఎక్కువగా సీటీసీ, అంటే మన మీద యాజమాన్యం పెట్టే మొత్తం ఖర్చు. గ్రాస్ (కోతలకు ముందు జీతం) 20,000, అందులో బేసిక్ 15,000 అనుకుందాం. యాజమాన్యం కట్టే పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 650 కలిపి 22,450 అని చెబుతారు. మన వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 150, వృత్తి పన్ను 150 పోతే చేతికి వచ్చేది 17,900. హాస్టల్, మెస్ కోతలు ఇంకా వేరు. శిక్షణ పేరుతో మొదటి నెలల్లో స్టైపెండు మాత్రమే ఇస్తారేమో కూడా అడగాలి. సుప్రీంకోర్టు 2016 జనవరి ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలలోపు ఆసుపత్రిలోనూ నర్సుకు నెలకు 20,000కు తగ్గకూడదనీ, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ సిఫారసు చేసింది. ఆ సిఫారసు కొత్తగా చేరే చాలామంది దాకా రాలేదు. అయినా ఆ అంకెలు తెలిసి మాట్లాడటం వేరు, తెలియక తల ఊపడం వేరు.

ఈ అనుభవం ముందు ముందు దేనికి పనికొస్తుందన్నది మరో లెక్క. ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్ రాయాలంటే జీఎన్ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. బీఎస్సీ వాళ్లకు ఆ షరతు లేదు. కాబట్టి 30 పడకల నర్సింగ్ హోమ్‌లో ఎంత కష్టపడినా జీఎన్ఎం అభ్యర్థికి అక్కడ లెక్కలోకి రాదు. పడకల సంఖ్య, పనిచేసిన విభాగం, తేదీలు రాసి అనుభవ పత్రం ఇస్తారా అని ఇంటర్వ్యూలోనే అడగాలి. తెలంగాణలో 2022 డిసెంబరు స్టాఫ్ నర్స్ నోటిఫికేషన్‌లో రాతపరీక్షకు 80 మార్కులు, రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు 20 పాయింట్లు పెట్టారు. గిరిజన ప్రాంతంలో ప్రతి ఆరు నెలలకు 2.5, మిగతా చోట్ల 2. ప్రైవేటు అనుభవానికి అందులో చోటు లేదు. అందుకే ఏజెన్సీ (గిరిజన) ప్రాంతంలో ప్రభుత్వ కాంట్రాక్టు పోస్టు వస్తే, ఊరు నచ్చలేదని వెంటనే వదులుకోవద్దని గట్టిగా చెబుతున్నాం.

వెళ్లాలని తేల్చుకుంటే ఉత్తచేతులతో తిరిగిరావద్దు. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు అక్కడ ఉండేలా చూసుకుని, వార్డు చూపించమని అడగాలి. హ్యాండోవర్ (డ్యూటీ దిగే సిస్టర్ తర్వాతి సిస్టర్‌కు రోగుల వివరాలు అప్పగించడం) రోగి మంచం దగ్గర జరుగుతోందా, కౌంటర్ దగ్గర రిజిస్టరు చూసి చదివేస్తున్నారా? క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, పరికరాల బండి) చెక్‌లిస్టు మీద ఆరోజు సంతకం ఉందా? నైట్‌లో ఎన్ని మంచాలకు ఎందరు సిస్టర్లు? కేంద్ర ఆసుపత్రులకు స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ పెట్టిన కొలత జనరల్ వార్డులో ఆరుగురు రోగులకు ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు. వెంటిలేటర్ మీద ఉన్న ముగ్గురిని ఒక్కరే చూస్తుంటే, సక్షన్ (శ్వాసనాళంలో చేరిన కఫం లాగేయడం) ఆలస్యమవుతుంది, మందు పొరపాటు జరుగుతుంది, మెమో మాత్రం ఆ సిస్టర్‌కే వస్తుంది. గుమ్మం నుంచి కూడా వార్డు చూపించకపోతే వద్దనుకోవడానికి అదొక్కటి చాలు.

ఇంటర్వ్యూ అలవాటు కోసం వెళ్లడమూ మంచిదే, వాక్-ఇన్ (ఎవరైనా నేరుగా వెళ్లగలిగేది) అయితే. అక్కడ అడిగేవి దాదాపు ఇవే: 500 ఎంఎల్ సెలైన్ 4 గంటల్లో, ఎంఎల్‌కు 20 చుక్కలు పడే సెట్‌తో, నిమిషానికి ఎన్ని చుక్కలు (500ను 20తో హెచ్చించి 240 నిమిషాలతో భాగిస్తే సుమారు 42), సీపీఆర్‌లో ఛాతీ నొక్కడానికీ, ఊపిరి ఇవ్వడానికీ నిష్పత్తి ఎంత (30:2), పొటాషియం క్లోరైడ్‌ను నేరుగా సిరలోకి ఎందుకు తొయ్యకూడదు (గుండె ఆగిపోతుంది). కాల్ లెటర్‌తో ఒక్కరికే సమయం కేటాయించిన చోటికి మాత్రం చేరే ఉద్దేశం లేకుండా వెళ్లకూడదు, ఆ సమయం నిజంగా ఉద్యోగం కావాల్సిన ఇంకొకరిది.

అన్నిటికన్నా చెరుపు చేసేది, మొహమాటంతో అక్కడ ‘సరే’ అనేసి జాయినింగ్ రోజు ఫోన్ ఆపేయడం. అప్పటికే పేరు రోస్టర్‌లో పడి ఉంటుంది. ఆ రాత్రి ఇంకో సిస్టర్ డబుల్ డ్యూటీ చేస్తుంది. ‘రెండు రోజుల్లో చెబుతాను మేడం’ అంటే ఎవరూ తప్పుపట్టరు. ముందే మానుకుంటే ఒక మెసేజ్ పంపండి: ‘రేపటి ఇంటర్వ్యూకు రాలేను. నైట్లు నాకు కుదరవు. డే షిఫ్టు ఖాళీ వస్తే తెలియజేయగలరు.’

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి అక్కడే వెనక్కి తీసుకోండి, జిరాక్సులే ఇవ్వండి. ఒరిజినల్స్ వాళ్ల బీరువాలో ఉంటే ప్రభుత్వ ఉద్యోగ పరిశీలనకూ, విదేశీ రిజిస్ట్రేషన్‌కూ దారి మూసుకుపోతుంది. బాండు గడువు చేరిన రోజు నుంచా, శిక్షణ అయ్యాకా అన్నది కాగితం మీద చూసుకోవాలి.

నర్సింగ్ కళాశాలల ప్రిన్సిపాళ్లకు ఒక విన్నపం. క్యాంపస్ సెలక్షన్‌కు వచ్చే ఆసుపత్రుల నుంచి బాండు పత్రం, జీతం వివరాలు వారం ముందే తెప్పించి నోటీసు బోర్డులో పెట్టండి. సంతకం పెట్టమన్న గదిలోనే మొదటిసారి వాటిని చదవాల్సిన పరిస్థితి విద్యార్థులకు రానివ్వకండి.

— విశ్రాంత నర్సింగ్ ట్యూటర్లు, కర్నూలు