ఆకుకు తగలనివ్వని పొగ

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మాట్లాడుతూ మధ్యమధ్యలో ఎందుకు ఆగిపోతున్నావని అడిగావు. సిగ్నల్ సరిగా లేదన్నాను. సిగ్నల్ బాగానే ఉందమ్మా. నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. కాగితం మీదైతే ఎంత పొడుగు మాటైనా ఆయాసం లేకుండా చెప్పొచ్చని ఇలా కూర్చున్నా. రెండు రోజుల నుంచి రాస్తున్నా, చేతిరాత చూసి నవ్వకు.

నాకున్నది ఉబ్బసం కాదట. సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే ఏళ్ళ తరబడి జబ్బు, అంది ఒంగోలులో డాక్టరమ్మ. ఇన్నాళ్ళూ నీకు ఉబ్బసమని చెప్పింది అబద్ధం కాదు, నేనూ అదే అనుకున్నా. అబద్ధమాడింది వేరే సంగతుల్లో. మోకాళ్ళ నొప్పని డాబా ఎక్కడం మానేశాను చూడు, మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. చేలోకి నడవడం మాని బండి మీద పోయింది కూడా అందుకే. వంగి చెప్పుల బకిల్ పెట్టుకుంటే ఊపిరాడక, హవాయి చెప్పుల్లోకి మారిపోయా. మీ అమ్మ దాన్ని పిసినారితనం అనుకుంది. అననీలే అని ఊరుకున్నా. ఆయాసం వచ్చే పని ఒక్కొక్కటీ మానేసుకుంటూ పోతే ఆయాసం లేనట్టే ఉంటుంది తల్లీ. అలా ఆరేడేళ్ళు గడిచిపోయాయి. పొద్దున్నే దగ్గు, తెమడ అంటావా, ఊళ్ళో నా వయసు మగాళ్ళందరికీ ఉన్నవే కదా.

పరీక్ష ఎలా చేశారో చెప్తా విను. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, ఛాతీ నిండా గాలి పీల్చి ఒక్కసారిగా ఊదమన్నారు. ఆ అమ్మాయి పక్కన నిలబడి "ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి" అని కోడిపందెంలో అరిచినట్టు అరిచింది. మనిషి మొత్తం ఊదిన గాలిలో 70 శాతమైనా మొదటి సెకండులో బయటికి రావాలట. నాది సగం కూడా రాలేదు. మందు పీల్పించి మళ్ళీ ఊదించారు. ఉబ్బసమైతే మందు తర్వాత లెక్క బాగా మారుతుందట, నాది పెద్దగా మారలేదు. ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి గదులుంటాయి. పొగకి వాటి మధ్య గోడలు కూలిపోయాయి, గాలి గొట్టాలు వాచి ఇరుకైపోయాయి. గాలి లోపలికి పోతోంది గానీ పూర్తిగా బయటికి రావడం లేదు. నిండుకుండలో నీళ్ళు పోస్తే ఎక్కడ పడతాయి? నా ఆయాసం అదన్నమాట.

నీకు మన బ్యారన్, పొగాకు ఆకుని వేడికి ఆరబెట్టే ఆ గది, గుర్తుందా? ఆకు కాల్చేటప్పుడు పొయ్యిలో కట్టెలు మండుతుంటే, వేడి ఇనప గొట్టాల్లో లోపలంతా తిరిగేది, పొగ మాత్రం చిమ్నీలోంచి బయటికి పోయేది. ఆకుకి పొగ తగలకూడదు. తగిలితే రంగు చెడి, వాసనొచ్చి, వేలంలో రేటు పోతుంది. గొట్టంలో ఎక్కడ చిన్న సందు కనిపించినా మట్టితో మెత్తేవాణ్ణి. ఐదారు రోజులు రాత్రింబవళ్ళు ఆ ఆకుని పసిపిల్లలా కాచుకునేవాళ్ళం. పొయ్యి నోటి దగ్గర కూర్చుని కట్టెలు ఎగదోసే నాకు మాత్రం, నిద్ర పట్టకుండా సిగరెట్టు. పదిహేడేళ్ళప్పుడు అక్కడే మొదలైంది. ఆకుకి తగలనివ్వని పొగని నలభై ఏళ్ళ పైన లోపల దాచుకున్నా. నీ ఇంజనీరింగ్ ఫీజు ఆ ఆకు డబ్బులే, కాబట్టి దాన్ని తిట్టడానికి నోరు రాదు. ఈ ఏడు మాత్రం పొగాకు వెయ్యలేదు. కంది వేశా.

మీ అమ్మ సంగతి అంతకంటే అన్యాయం. ఒక్క దమ్ము లాగలేదు, కానీ ఆమెకీ దగ్గుంది. మండెలు, అంటే ఆకు గుట్టలు, తిప్పినప్పుడు, గ్రేడింగు చేసినప్పుడు రేగే దుమ్ము ఆమె పీల్చిందే. దానికి తోడు కట్టెల పొయ్యి. దీపం పథకం 1999లో మొదలైందిగా, ఆ తర్వాత డ్వాక్రాలో ఉన్నందుకు మనకీ గ్యాస్ వచ్చింది. వస్తే ఏం, సిలిండర్ ఆదా అని స్నానాల నీళ్ళకి, గొడ్ల కుడితికి నిన్నమొన్నటిదాకా కట్టెలే. మూసిన వంటింట్లో కట్టెల పొగ ఏళ్ళ తరబడి పీలిస్తే సిగరెట్టు తాగని ఆడవాళ్ళకీ ఈ జబ్బొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అమ్మతో కూడా ఊదించమంది. "నాకేం రోగం" అంటోంది మీ అమ్మ. నువ్వు చెప్తే వింటుంది.

2021లో ప్రపంచం మొత్తం మీద 35 లక్షల మంది దీంతో పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనూళ్ళో అడుగు, ఒక్కడికీ పేరు తెలియదు. "ఆయాసంతో పోయాడు" అంటారు. మీ తాతయ్యనీ అలాగే అన్నాం.

ఇంకొక సంగతి, నవ్వనని ఒట్టెయ్యి. మొదటిసారి పట్నంలో ఒక డాక్టరు పీల్చే క్యాప్సూళ్ళు రాసిచ్చాడు. పరికరంలో వేసి పీల్చాలని ఎవరూ చూపించలేదు. పరికరం సంచిలోనే ఉంది, నేను పూటకొకటి మంచినీళ్ళతో మింగాను. పదిహేను రోజులు. "మందు పనిచెయ్యట్లేదు" అని ఊరంతా చెప్పా కూడా. ఒంగోలులో నర్సమ్మ "ఏదీ, ఎలా వాడతారో చూపించండి" అంటే, నీళ్ళ గ్లాసు అడిగా! ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక బయటికి పోయి వచ్చింది. ఇప్పుడు సరిగా వస్తోంది: ముందు ఊపిరంతా వదిలేసి, గట్టిగా, లోతుగా ఒక్క పీల్పు పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టి, తర్వాత నోరు పుక్కిలించాలి. పుక్కిలించకపోతే నోరు పూస్తుంది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మీ బాబాయి భయపెట్టాడు. సిగరెట్టు అలవాటైనప్పుడు అగ్గిపెట్టె ఇచ్చింది వాడే.

మానడం అంత తేలిగ్గా జరగలేదమ్మా. మూడుసార్లు మాని మళ్ళీ మొదలెట్టా. పోయినేడు ఆస్పత్రిలో పడ్డాక, డాక్టరమ్మ రాసిన మందుతో, 1800-11-2356 కి ఫోన్ చేస్తే వాళ్ళు చెప్పిన కిటుకులతో ఆగింది. ఆ ఫోనుకి డబ్బు పడదు. పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు గానీ, మానితే మిగిలింది తరిగే వేగం తగ్గుతుందట. పోయిన ఎకరం పోయింది, ఉన్న ఎకరానికి గట్టేసుకున్నా.

ఇప్పుడు పొద్దునా సాయంత్రం నడుస్తున్నా. ఇంటి నుంచి బ్యారన్ దాకా తొమ్మిది కరెంటు స్తంభాలు. మొదట్లో రెండు దాటితే కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఆరు. ఆయాసమొస్తే ముక్కుతో పీల్చి, ఈల వేసేవాడిలా పెదాలు బిగించి, పీల్చినదానికి రెట్టింపుసేపు మెల్లగా వదలాలి. ఊపిరాడనప్పుడు వచ్చే ఆ గాభరా కూడా దాంతోనే తగ్గుతుంది. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా కూడా వేయించుకోమన్నారు. ఫ్లూది అయింది.

ఇది మాత్రం గుర్తుపెట్టుకో. తెమడ పచ్చగానో ఆకుపచ్చగానో మారి ఎక్కువైనా, కాళ్ళు వాచినా, అమ్మ ఫోన్లో "మీ నాన్న మత్తుగా పడుకుంటున్నాడు" అన్నా, ఆలస్యం చెయ్యకుండా 108కి చెప్పు. ఆస్పత్రిలో సీఓపీడీ అని మొదటే చెప్పాలి. కరోనాలో కొన్న, ఒంట్లో ఆక్సిజన్ చూపించే వేలి మిషన్ ఉందిగా, మాలాంటివాళ్ళకి అందులో 88 నుంచి 92 చాలట. అంతకు మించి ఆక్సిజన్ పెట్టమని మనవాళ్ళెవరైనా గొడవ చేస్తే నువ్వు ఆపాలి. మాకది మంచికి బదులు చెడు చేస్తుంది.

అల్లుడి సంగతి. బాల్కనీలో తాగుతాడని తెలుసు. చెప్పే మొహం నాకు లేదు. బుడ్డోడి ఊపిరితిత్తులు ఇరవై ఏళ్ళు దాటేదాకా పెరుగుతూనే ఉంటాయట, చిన్నప్పుడు పొగలో పెరిగితే ఆ పెరుగుదలే తగ్గుతుందట. నా రిపోర్టు జిరాక్సు ఈ కవర్లో పెట్టా. నువ్వేం మాట్లాడకు, అబ్బాయి కాఫీ తాగే బల్ల మీద పెట్టి ఊరుకో. రాత్రిళ్ళు దోమల కాయిల్ కూడా మాని దోమతెర కట్టు.

భోగికి వస్తారుగా. ఈసారి మంట నేను వెయ్యను, తలుపులేసుకుని లోపల కూర్చుంటా. బుడ్డోణ్ణి నా దగ్గర వదిలెయ్యండి, తెల్లారేదాకా కబుర్లు చెప్పుకుంటాం. వచ్చేటప్పుడు స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించుకునే గొట్టం, ఒకటి తీసుకురా, అవసరానికి వాడే పఫ్‌కి కావాలి. ఇక్కడి మందుల షాపులో అడిగితే నట్లు, బోల్టుల కొట్టుకి పొమ్మన్నాడు.

మీ నాన్న