ఇంగ్లీషుకు అరబిక్ వేషం ఎందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మా కడపలో ఈమధ్య అరబ్బుల మాంసం అన్నం మండీ అమ్మే హోటళ్లు బాగా ఎక్కువైనాయి, సంతోషమే, తిండితో నాకేం పేచీ లేదు, పేచీ అంతా బోర్డులతోనే. ఇంగ్లీషు అక్షరాలనే అరబిక్ మాదిరి వంకర్లు తిప్పి పైనా కిందా ఇష్టమొచ్చినట్టు చుక్కలు జల్లుతాండారు. అవేమన్నా ముగ్గు చుక్కలా? గిన్నె మాదిరి ఉండే ఒకే ఆకారానికి కింద ఒక చుక్క పెడితే బ, పైన రెండు పెడితే త, ఉర్దూలో కింద మూడు పెడితే ప. చుక్క మారితే అక్షరమే మారిపోతుంది. పెద్ద దర్గా ఉన్న ఊరు ఇది, ఉర్దూ చదివేటోళ్లు ఎంతమందో ఉండారు, వాళ్లు ఆ బోర్డు చూసి ఏమనుకోవాల?

నూడుల్స్ బండ్ల మీద కుంచెతో గీసినట్టుండే మొనదేలిన అక్షరాలు ఉంటాయే, ఆ స్టైలు చైనాది అనుకుంటాం గానీ అట్లాంటి టైపు (అచ్చు అక్షరాలు) 1883లోనే అమెరికాలో క్లీవ్‌ల్యాండ్ టైప్ ఫౌండ్రీ అనే కంపెనీ పోత పోసింది, దానికి చైనీస్ అని పేరు కూడా పెట్టేసింది! ఇంగ్లీషు ఆర్‌ను తిరగేసి రష్యన్ లుక్ అంటారు, రష్యన్‌లో అది యా.

మనకూ ఇదే గతి. బయటి దేశాల్లో ఇండియన్ రెస్టారెంట్ అంటే ఇంగ్లీషు అక్షరాల నెత్తిన గీత లాగి హిందీ మాదిరి చేస్తారు, లోపల అమ్మేది దోసె అయినా సరే. మన తెలుగుకు ఆ గీత యాడుంది? మనది తలకట్టు కదా.

ఫ్లెక్సీ షాపులో అడిగితే ఉర్దూ టైపు చేస్తే ముక్కలు ముక్కలుగా పడతాయి సార్ అంటారు. కొన్ని పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లలో అది నిజమే, అక్షరాలు కలవవు, వరస కూడా తిరగబడుతుంది, కానీ ఇన్‌పేజ్ అనే ఉర్దూ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి తెచ్చుకోవచ్చు, లేదంటే చేత్తో రాసేవాళ్లను పిలిపించుకోవచ్చు.

ఇంక తెలుగు సంగతి, అదెక్కడో మూలన చిన్నగా, వత్తులు ఎగిరిపోయి ఉంటుంది. కలమళ్ల, ఎర్రగుడిపాడు లాంటి తొలినాటి తెలుగు శాసనాలు దొరికిన జిల్లా మాది, బ్రౌన్ లైబ్రరీ ఎర్రముక్కపల్లెలోనే ఉంది, కాస్త సిగ్గనిపించదా? హోటళ్లోళ్లు ఉర్దూలో ఒక లైను, తెలుగులో ఒక లైను తెలిసినోళ్లతో సరిగ్గా రాయించి, ఇంగ్లీషును మామూలు ఇంగ్లీషు మాదిరే పెట్టుకుంటే చాలు. కార్పొరేషనోళ్లు ట్రేడ్ లైసెన్స్ ఇచ్చేటప్పుడు బోర్డు కొలతలే కాకుండా దాని మీద తెలుగు కూడా ఒకసారి చదివి చూస్తే మేలు.

– ఒక పాఠకుడు, కడప