వార్షిక నివేదిక: వాగుల తలభాగాన భూమి పరిరక్షణ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనిని ఎన్ని ఎకరాలు అన్న లెక్కతో కాక, ఏ ఎకరం అన్న లెక్కతో చూడమని మనవి. భూమి ఎంపికలో మొదటి చోటు వాగు పుట్టే తలభాగానికే ఇచ్చాం. ఏడాదిలో చాలా నెలలు ఎండి ఉండే చిన్న వంకను నీటి వనరుగా ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి చదును చేయడానికీ, మట్టి తవ్వడానికీ ముందుగా బలయ్యేది అదే. పైన నేల బోడిగా ఉంటే కింద ఎన్నిసార్లు పూడిక తీసినా మళ్లీ ఒండ్రు చేరుతుంది. న్యూయార్క్ నగరం, రాష్ట్రంతోనూ పరీవాహకంలోని ఊళ్లతోనూ 1997లో చేసుకున్న ఒప్పందం తర్వాత తన తాగునీటి పరీవాహకంలో, అమ్మడానికి ఇష్టపడ్డవారి దగ్గరే భూమి కొంటూ, రిజర్వాయర్లకూ వాగులకూ దగ్గరి స్థలాలకు ప్రాధాన్యం ఇచ్చింది. మన వరుసక్రమమూ అలాంటిదే.

కొనలేని చోట పరిరక్షణ ఒప్పందమే మార్గం. భూమి యజమానిదే, సాగు, మేత ఒప్పుకున్న మేరకు సాగుతాయి. తవ్వకం, కొత్త కట్టడాలు, ప్లాట్లుగా విడగొట్టడం వంటి హక్కులను మాత్రం ఆయన వదులుకుంటారు. షరతులు రిజిస్టరైతేనే తర్వాత కొన్నవారినీ కట్టడి చేస్తాయి. సంతకాలకు ముందే హద్దురాళ్లు, వంకలు, బావులు, ఉన్న దారుల వెడల్పు మ్యాపులోకి ఎక్కాలి. మారని గుర్తుల దగ్గర నిలబడి తీసిన ఫొటోలకు యజమాని సంతకం ఉండాలి. ఇవి లేకపోతే దారి ఎప్పుడు వెడల్పయిందో తర్వాత ఎవరూ తేల్చలేరు. తగాదాలు ఎక్కువగా భూమి చేతులు మారాకే వస్తాయి, అందుకే కొత్త యజమానిని వెంటనే కలిసి పత్రాలు చూపించడాన్ని నియమంగా పెట్టుకున్నాం.

కోత పడిన వంకల్లో రాతి అడ్డుకట్టల విషయంలో ఒక్క సూత్రం తప్పకూడదు: కింది కట్ట పైఅంచు, పై కట్ట పాదంతో సమమట్టంలో ఉండాలి. నూటికి పది మీటర్ల వాలులో మీటరు ఎత్తు కట్టల మధ్య దూరం పది మీటర్లన్నమాట. నడుమ భాగం రెండు చివరలకంటే పల్లంగా ఉండాలి. చివరలు ఒడ్డులోకి దిగకపోయినా, నడుమ పల్లం లేకపోయినా వరద పక్కనుంచి ఒడ్డును కోసుకుపోతుంది. అలాంటి కట్ట లేకపోవడమే మేలు.

లాంటానా అనే, నేలను ఆక్రమించే విదేశీ పొదను కొమ్మలు నరికి వదిలేస్తే మోడు నుంచి మరింత గుబురుగా చిగురిస్తుంది. నేలకు 3–5 సెంటీమీటర్ల కింద, మోడు ముగిసి వేరు మొదలయ్యే చోటుకు దిగువన తల్లివేరు తెంచి, తుప్పను తలకిందులుగా పెట్టాలి. పండు రాకముందే ఈ పని ముగించాలి. పక్షులు విత్తనాన్ని మోసుకొస్తాయి కాబట్టి అవి వాలే చెట్ల కింద మొలకలను తర్వాత కూడా పీకుతూ ఉండాలి. ఊట పైన వాలులో మాత్రం ఒకేసారి శుభ్రం చేయొద్దు. పట్టీలు పట్టీలుగా తీసి, ఖాళీ అయినచోట స్థానిక గడ్డి పాదుకున్నాకే పక్క పట్టీకి వెళ్లాలి.

నీటి అంచున పచ్చటి పట్టీ ఒక్కటే జంతువులకు సరిపోదు. 2003లో వెలువడిన, పరిశోధకులు సెమ్లిట్ష్, బోడీల సమీక్ష ప్రకారం కప్పల వంటి ఉభయచరాలకు నీటి అంచు నుంచి 159–290 మీటర్ల మేర నేల అవసరం. ముప్పై మీటర్ల పట్టీ వాగులోకి చేరే ఒండ్రునూ ఎరువునూ తగ్గించగలదు గానీ, వాటి బతుక్కి చాలదు. మా ఒప్పందాల్లో ఈ రెండు దూరాలనూ విడివిడిగా రాస్తున్నాం.

కంచెలు తప్పనిచోట కింది తీగ నేలకు 40 సెంటీమీటర్ల పైన, ముళ్లు లేకుండా ఉండాలి. పై తీగ 105 సెంటీమీటర్లు దాటకూడదు. పై రెండు తీగల మధ్య కనీసం 30 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. అది తగ్గితే, దూకే జింక వెనుక కాళ్లు ఆ రెండింటి మధ్య మెలిపడి అక్కడే వేలాడుతుంది.

ఊట కొలతకు బకెట్, గడియారం చాలు. పది లీటర్ల బకెట్ 20 సెకన్లలో నిండితే నిమిషానికి 30 లీటర్లు. ఒకే చోట, మూడుసార్లు కొలిచి సగటు రాయాలి. వాన పడిన వెంటనే తీసిన కొలత మోసం చేస్తుంది, వేసవి చివరి కొలతే ఊట బలాన్ని చెబుతుంది. ఊటల దగ్గర నివసించే సభ్యులు ఈ వేసవి కొలతల బాధ్యత తీసుకోదలిస్తే సర్వసభ్య సమావేశంలో పేరు ఇవ్వండి, నమోదు పుస్తకం అక్కడే అందజేస్తాం.