పోర్సిలైన్ టైల్స్‌కు అడ్హెసివ్: మా అంచనా కాగితంలో సంచులు ఎందుకు ఎక్కువ ఉంటాయంటే

మా దగ్గర టైల్స్ తీసుకునే అందరికీ నమస్కారం.

20 కిలోల అడ్హెసివ్ (టైల్ అంటించే సిమెంటు పొడి) సంచి మీద 50 నుంచి 55 చదరపు అడుగులు వస్తుందని రాసి ఉంటుంది. మేం రాసిచ్చే కాగితంలో మాత్రం అదే హాలుకు దాదాపు రెట్టింపు సంచులు ఉంటున్నాయి. "సరుకు ఎక్కువ అమ్ముకోవడానికేనా?" అని కొందరు నేరుగానే అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. లెక్క మొత్తం ఇక్కడ పెడుతున్నాం, మీరే వేసి చూసుకోండి.

సంచి మీది అంకె అబద్ధం కాదు. అది 3 మి.మీ. మందానికి వేసిన లెక్క. పూసిన అడ్హెసివ్‌ను 6 మి.మీ. పళ్లున్న తాపీతో గీతలుగా గీసి, చిన్న టైల్ పెట్టి నొక్కితే వచ్చే మందం అంతే. ఇప్పుడు ఇళ్లలో పడుతున్నవి 600×1200 మి.మీ. పోర్సిలైన్ టైల్స్, మన మార్కెట్లో జీవీటీ, పీజీవీటీ పేర్లతో దొరికేవి. అంత పెద్ద టైల్ కింద 3 మి.మీ. సరిపోదు.

లెక్కకు ఆధారం ఒక్కటే. మామూలు సిమెంట్ అడ్హెసివ్ చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి, సుమారు 1.4 కిలోల పొడి పడుతుంది. మన అడుగుల్లో చెప్పాలంటే చదరపు అడుగుకు మిల్లీమీటరుకు 130 గ్రాములు. గీసిన గీతలు టైల్ బరువుకు నలిగితే మిగిలే మందం పళ్ల ఎత్తులో దాదాపు సగం. అంటే 10 మి.మీ. పళ్ల తాపీకి 5 మి.మీ. పెద్ద టైల్‌కు వెనకవైపు కూడా పలుచగా ఒక పూత వేయాలి, దానికి ఇంకో మిల్లీమీటరు.

20×15 అడుగుల హాలు తీసుకోండి. 300 చదరపు అడుగులు, 6 మి.మీ. మందం, 130 గ్రాములు: 234 కిలోలు. గమేళాలో మిగిలేది, కింద పడేది, నేల ఎగుడుదిగుడులు కలిపి పది శాతం వేస్తే 257 కిలోలు. 13 సంచులు. సంచి మీది లెక్కతో పోతే 6 సంచులే తెచ్చుకుంటారు. పని సగంలో సరుకు అయిపోతుందని తెలిసిన మేస్త్రీ పూర్తిగా పూయడం మానేసి, నాలుగు మూలలా, మధ్యలో ఒకటి ముద్దలు పెట్టి టైల్ అంటిస్తాడు. మా భయమంతా దానిగురించే.

ముద్దల మధ్య ఖాళీ ఉన్నచోట టైల్ తడితే డొల్లగా మోగుతుంది. బరువైన బీరువా కాలు అక్కడ పడితే బిళ్ల పగులుతుంది. బాత్రూం గోడలో అయితే ఆ ఖాళీల్లో నీరు నిలిచి కీళ్ల నుంచి తెల్లటి ఉప్పు బయటికి వస్తుంది. గీజర్ బిగించడానికి డ్రిల్ పెడితే టైల్ అక్కడే చిట్లుతుంది. లోపలి పొడి గదుల్లో టైల్ వెనక కనీసం 80 శాతం, బాత్రూం, బాల్కనీ, డాబా మీద 95 శాతం అడ్హెసివ్ అంటి ఉండాలి. ఇది కంటితో చూసి తేల్చుకోగల విషయమే. మొదటి రెండు మూడు టైల్స్ పెట్టిన వెంటనే ఒకదాన్ని పైకి లేపమనండి. వెనక గీతలు గీతలుగా కనిపిస్తే సరిగా నలగలేదు, ఇంకా పెద్ద పళ్ల తాపీ కావాలి. పని మొదలైన రోజున మీరు ఇంటి దగ్గర ఉంటే ఈ ఒక్క పరీక్ష చేయించండి.

తాపీ గీతలు గుండ్రంగా తిప్పకూడదు. అన్నీ ఒకే దిక్కుకు, టైల్ పొట్టి వైపుకు సమాంతరంగా ఉండాలి, అప్పుడే గాలి దగ్గరి అంచు నుంచి బయటికి పోతుంది. టైల్ పెట్టాక గీతలకు అడ్డంగా కాస్త ముందుకూ వెనక్కూ జరిపితే గీతలు పడిపోయి ఒకదానిలో ఒకటి కలుస్తాయి. తాపీని మరీ వాల్చి పట్టుకుంటే గీతల ఎత్తు తగ్గిపోతుంది. 10 మి.మీ. తాపీ వాడినా 6 మి.మీ. తాపీ ఫలితమే వస్తుంది.

ఇక ఏ అడ్హెసివ్ అనేది. మామూలు సెరామిక్ టైల్ నీరు పీల్చుకుంటుంది, దానితోపాటు సిమెంటు కూడా దాని రంధ్రాల్లోకి పాకి గట్టిపడుతుంది. పోర్సిలైన్ నీరు పీల్చడం దాని బరువులో 0.5 శాతం లోపే. సిమెంటు పట్టుకోవడానికి అక్కడ రంధ్రాలే ఉండవు. అందుకే పొడిలో పాలిమర్ అనే జిగురు పదార్థం ఉండాలి, టైల్‌ను పట్టుకునేది అదే. సిమెంట్ పాలు పోసి పరిచిన పోర్సిలైన్ టైల్ కొంతకాలానికి ఊడినప్పుడు వెనక భాగం కడిగినట్టు శుభ్రంగా కనిపించేది ఈ కారణంతోనే.

మన దేశ ప్రమాణం ఐఎస్ 15477. సంచి మీద టైప్ సంఖ్య ఉంటుంది. టైప్ 1 నీరు పీల్చే సెరామిక్ టైల్స్‌కు. ఇకపై పోర్సిలైన్ కొన్నవాళ్లకు మేం టైప్ 1 ఇవ్వం, ధర తక్కువని పట్టుబట్టినా సరే. లోపలి ఫ్లోరింగ్‌కు టైప్ 2 కనీసం. పెద్ద టైల్ గోడకెక్కించాలన్నా, ఎండావానా తగిలే చోటైనా టైప్ 3 రాస్తాం. కొన్ని సంచుల మీద యూరప్ గుర్తులు కూడా ఉంటాయి. సి1 అంటే పట్టు చదరపు మి.మీ.కు కనీసం 0.5 న్యూటన్లు, సి2 అంటే కనీసం 1. పోర్సిలైన్‌కు సి2 చూడండి. పక్కన టి ఉంటే గోడ మీద టైల్ జారదు. ఇ ఉంటే పూశాక టైల్ పెట్టడానికి ఎక్కువ వ్యవధి దొరుకుతుంది. ఎస్1 ఉంటే కొద్దిగా వంగినా పట్టు వదలదు, డాబాకూ పాత టైల్స్ మీద కొత్తవి వేయడానికీ అది అవసరం. తెల్ల అడ్హెసివ్ గ్లాస్ మొజాయిక్‌కూ లేత పాలరాయికీ కావాలి. పోర్సిలైన్‌కు బూడిద రంగుది చాలు, ఆ తేడా డబ్బు మిగుల్చుకోండి.

డబ్బు మిగిలే అసలు చోటు నేల చదును. మనం వేసుకున్న 300 అడుగుల హాలులో మందం ఒక్క మిల్లీమీటరు పెరిగితే 39 కిలోలు, అంటే రెండు సంచులు అదనం. పది అడుగుల అల్యూమినియం బద్ద నేల మీద పెట్టి చూడండి. కింద 3 మి.మీ.కి మించి సందు కనిపిస్తే పల్లాలను ముందే ఇసుక సిమెంటుతో సరిచేసి, క్యూరింగ్ చేసి, ఆరనివ్వండి. బాత్రూం వాలు కూడా ఆ పొరలోనే రావాలి. పల్లాలను అడ్హెసివ్‌తో నింపితే ఖర్చు ఎక్కువ, పైగా మందంగా ఉన్నచోట ఆరేటప్పుడు కుంచించుకుపోయి టైల్ అంచులు ఎత్తుపల్లాలవుతాయి.

బాత్రూం గోడలకు 300×600 టైల్ అయితే 8 మి.మీ. తాపీ, 4 మి.మీ. మందం. 190 చదరపు అడుగులకు 99 కిలోలు, పది శాతం కలిపి 109, అంటే 6 సంచులు.

మన ఎండల సంగతి వేరుగా చెప్పాలి. యూరప్ పరీక్షలు 23 డిగ్రీల దగ్గర చేస్తారు, మనకు మే నెలలో 42, 43 సాధారణం. పూసిన అడ్హెసివ్ మీద నిమిషాల్లో పొర కట్టేస్తుంది. వేలు పెట్టి చూడండి, వేలికి అంటకపోతే గీకి పారేసి కొత్తది పూయాలి. ఒకసారికి ఒకటి రెండు టైల్స్‌కు సరిపడా మాత్రమే పూయాలి. ఎండాకాలంలో డాబా పని పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ఆపడం మంచిది. ముందుగా నేల మీద నీళ్లు చిలకరించి, నిలిచిన నీరు తుడిచేయాలి.

కలపడం: బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత పొడి. 20 కిలోలకు సుమారు 5 లీటర్లు, కచ్చితమైన కొలత సంచి మీద ఉంటుంది. డ్రిల్లుకు ప్యాడిల్ బిగించి ఉండలు లేకుండా తిప్పి, ఐదు నిమిషాలు వదిలి, మళ్లీ తిప్పాలి. పాలిమర్ పూర్తిగా కరగడానికి ఆ ఐదు నిమిషాలు కావాలి. తర్వాత బిగుసుకుంటుంటే నీళ్లు పోసి మెత్తబరచకూడదు. ఇది తరచూ జరిగే తప్పు, పట్టు తగ్గిపోయేది ఇక్కడే.

పోర్సిలైన్ టైల్స్‌ను నీళ్ల తొట్టిలో నానబెట్టవద్దు. ఆ అలవాటు సెరామిక్‌ది. ఇక్కడ వెనక నిలిచే తడి పట్టును తగ్గిస్తుంది. వెనకవైపు కొలిమి నుంచి అంటుకొచ్చే తెల్లటి పొడి ఉంటే తడి స్పాంజితో తుడిచి ఆరనివ్వండి.

కొత్త ప్లాస్టరింగ్‌కు 28 రోజులు ఇవ్వండి. రంగు వేసిన గోడ అయితే రంగు గీకేయాలి. జిప్సం గోడ మీద ప్రైమర్ లేకుండా సిమెంట్ అడ్హెసివ్ పూయకూడదు, రెండూ రసాయనికంగా కలిసి ఉబ్బి పొర ఊడుతుంది. టైల్స్ మధ్య సందు కోసం పెట్టే స్పేసర్ కనీసం 2 మి.మీ., డాబా మీద 3. గోడ అంచున 5, 6 మి.మీ. సందు వదలండి, స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది. ఫ్లోర్ మీద 24 గంటలు నడవవద్దు, సందులు నింపే గ్రౌట్ ఆ తర్వాతే.

అంచనా కోసం షాపుకు వచ్చేటప్పుడు గది పొడవు వెడల్పులు, టైల్ సైజు, బద్ద కింద కనిపించిన సందు, మేస్త్రీ దగ్గరున్న తాపీ పళ్ల కొలత చెప్పండి. సందు 3 మి.మీ. దాటితే ముందు చదును చేయించమనే చెబుతాం, ఆ తర్వాతే సంచులు రాస్తాం. మిగిలిన సంచులు కుట్టు విప్పకుండా, తడి తగలకుండా ఉంటే బిల్లుతో తెండి, అదే ధరకు వెనక్కి తీసుకుంటాం. వానాకాలంలో సంచులను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు దూరంగా పెట్టండి. గడ్డకట్టిన సంచిని మాత్రం తీసుకోలేం, మీరూ దాన్ని చిదిపి వాడవద్దు.