అపరిచితుడి ముఖం, సాక్షి జ్ఞాపకం

సంపాదకుడు గారికి నమస్కారం.

దోపిడీ జరిగిన రెండు మూడు రోజులకే అనుమానితుల ఫోటోలు, సీసీటీవీ దృశ్యాలు టీవీల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ, కొన్నిసార్లు పత్రికల్లోనూ రావడం, కొన్ని వారాల తర్వాత అదే మనుషులను జైల్లో గుర్తింపు పరేడ్‌లో, అంటే నిందితుణ్ణి ఇతరులతో కలిపి వరుసగా నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనే ప్రక్రియలో, నిలబెట్టడం మన రెండు రాష్ట్రాల్లోనూ తరచుగా కనిపిస్తోంది. జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిగా దీనిపై నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆ అభ్యంతరానికి మూలం చట్టంలో కంటే మనిషి మెదడు ముఖాలను గుర్తుపట్టే తీరులోనే ఉంది కనుక, ముందుగా ఆ సంగతి రాస్తున్నాను.

మెదడు ముఖాన్ని మిగతా వస్తువులను చూసినట్టు చూడదు. మెదడు అడుగుభాగంలో, ముఖ్యంగా కుడివైపున, ముఖం కనబడగానే ప్రత్యేకించి చురుకయ్యే ఒక చిన్న ప్రాంతం ఉందని 1997లో మెదడు పరిశోధకురాలు నాన్సీ కాన్విషర్ బృందం ఎంఆర్ఐ పరీక్షలతో చూపింది. చూపు బాగానే ఉన్నా, బాగా తెలిసినవారి ముఖాలను సైతం గుర్తుపట్టలేకపోయిన రోగుల గురించి జర్మన్ వైద్యుడు యోవాకిమ్ బోడామర్ అంతకు యాభై ఏళ్ల ముందే, 1947లో రాశారు. ఇంత ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది కాబట్టే, మేనమామను పదేళ్ల తర్వాత బస్టాండు జనంలో చూసినా పోల్చుకోగలుగుతున్నాం. ఒక్కసారి చూసిన కొత్త మనిషిని కూడా అలాగే పోల్చుకోగలమని నమ్మడంలోనే చిక్కంతా ఉంది.

ఈ రెండింటికీ ఎంత దూరమో 2011లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ పరిశోధన కళ్లకు కట్టింది. నెదర్లాండ్స్‌లో పేరున్న ఇద్దరు మహిళల ఫోటోలు, ఒక్కొక్కరివి 20 చొప్పున, మొత్తం 40 కలిపి, వారెవరో తెలియని బ్రిటన్ వాసుల చేతికిచ్చి, ఒక్కో మనిషి ఫోటోలను ఒక్కో కుప్పగా పెట్టమన్నారు. వాళ్లు సుమారుగా ఏడెనిమిది కుప్పలు పెట్టారు. వెలుతురు, జుట్టు, నవ్వు, కెమెరా కోణం మారిన ప్రతిసారీ వాళ్లకు మరో మనిషి కనిపించింది. ఆ మహిళలు ఎవరో తెలిసిన డచ్చివారు దాదాపు అందరూ అవే ఫోటోలను ఇబ్బంది లేకుండా రెండు కుప్పలు చేశారు. పరిచయం ఉన్న ముఖం ఎన్ని రూపాల్లో కనబడుతుందో మెదడుకు ముందే తెలుసు. అపరిచితుడి విషయంలో దానికి దొరికింది ఒకే ఒక్క రూపం.

నేరం జరిగినప్పుడు ఆ ఒక్క రూపమైనా సరిగా దొరకదు. చీకటి, భయం, కొద్ది క్షణాల వ్యవధి, ఎదుటివాడి చేతిలో కత్తి. ఎదుటివాడి చేతిలో ఆయుధం ఉంటే, మామూలు వస్తువు ఉన్నప్పటి కంటే చూపు దాని మీద ఎక్కువగా నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లోఫ్టస్ బృందం కనుపాపల కదలికలను నమోదు చేసి 1987లో చూపింది. ఇంత అరకొరగా పడిన ముద్ర మీద, రెండో రోజున టీవీలో స్పష్టమైన ఫోటో పదిసార్లు చూపిస్తే, పరేడ్‌లో సాక్షికి గుర్తొచ్చేది నేరస్థుడి ముఖమా, టీవీలోని ముఖమా? ఆ తేడా సాక్షికే తెలియదు. సాక్షి అబద్ధం చెప్పడం లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మేము సాక్షిని అబద్ధాలకోరుగా చూపాలని ప్రయత్నిస్తాం గానీ, నిజాయితీగా పొరబడిన మనిషి ముందు ఆ ప్రశ్నలు దేనికీ కొరగావు.

అమెరికాలోని ఉత్తర కరోలినాలో 1984లో అత్యాచారానికి గురైన ఒక విద్యార్థిని, దుండగుడి ముఖాన్ని తర్వాత గుర్తుపట్టాలన్న పట్టుదలతో ఆ సమయంలోనే శ్రద్ధగా గమనించింది. పోలీసులు చూపిన ఫోటోల్లో రోనాల్డ్ కాటన్‌ను ఎంచుకుంది, ఆపై పరేడ్‌లోనూ అతణ్ణే చూపించింది. ఫోటోల్లో చూపిందీ అతణ్ణే అని పోలీసులు చెప్పడంతో ఆమె నమ్మకం స్థిరపడిపోయింది. అసలు నేరస్థుణ్ణి తర్వాత కోర్టులో ఎదురుగా నిలబెట్టినా, అతణ్ణి ఎన్నడూ చూడలేదని చెప్పింది. 1995లో డీఎన్ఏ పరీక్ష కాటన్ నిర్దోషి అని తేల్చేనాటికి అతని జీవితంలో పదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి.

తెలిసిన ముఖానికీ, అపరిచిత ముఖానికీ ఉన్న ఈ తేడా మన చట్టానికి బొత్తిగా తెలియదని అనలేం. సాక్షికి ముందే తెలిసిన నిందితుడికి పరేడ్ అక్కర్లేదు, కొత్త మనిషి అయితేనే కావాలి. సాక్షులకు ముందుగా ఫోటోలు చూపిస్తే పరేడ్ విలువ పోతుందని మన న్యాయస్థానాలు ఎన్నో తీర్పుల్లో చెప్పాయి. అయితే కోర్టులో చేసే గుర్తింపే అసలు సాక్ష్యమనీ, పరేడ్ దానికి బలం చేకూర్చేది మాత్రమేననీ కూడా సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. ఆ అసలు సాక్ష్యం ఎలా ఉంటుందో చూడండి. "ఆ రోజు మీరు చూసిన మనిషి ఈ హాల్లో ఉన్నాడా?" అని ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ అడుగుతారు. సాక్షి తల తిప్పుతాడు. నల్లకోట్లు వేసుకున్నవాళ్లు ఒకవైపు, బెంచీల మీద కక్షిదారులు మరోవైపు, బోనులో పక్కన కానిస్టేబుల్‌తో ఒక్క మనిషి. సంఘటన జరిగిన మూడు నాలుగేళ్ల తర్వాత సాక్షి వేలు ఎటు చూపుతుందో చెప్పడానికి ఏ జ్ఞాపకమూ అవసరం లేదు.

అందుకే పరేడ్ అరెస్టయిన వెంటనే, కల్తీ లేకుండా జరగాలి. నిందితుడెవరో తెలియని సిబ్బందే సాక్షిని లోపలికి తీసుకురావాలి; అసలు మనిషి ఈ వరుసలో లేకపోవచ్చని సాక్షికి ముందే చెప్పాలి; ఎంత నమ్మకంగా చెబుతున్నాడో అప్పటికప్పుడు అతని మాటల్లోనే రాసుకోవాలి. గుర్తించే వ్యక్తికి మానసిక లేదా శారీరక వైకల్యం ఉంటే పరేడ్‌ను వీడియో తీయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 54వ సెక్షన్ ఇప్పటికే చెబుతోంది. అపరిచితుణ్ణి గుర్తుపట్టడంలో అందరి మెదడూ బలహీనమే కనుక, ఆ రక్షణను ప్రతి పరేడ్‌కూ వర్తింపజేయాలని మన హైకోర్టులను, హోం శాఖలను కోరుతున్నాను.

పరారీలో ఉన్నవాడి ఆచూకీ కోసం పోలీసులు ఫోటో ఇస్తే వేయడం వేరు, దాన్ని నేను తప్పు పట్టను. అరెస్టయి రిమాండులో ఉన్నవాడి ముఖాన్ని పరేడ్‌కు ముందు ప్రచురించడం వల్ల మాత్రం ఎవరికీ మేలు లేదు, బాధితులకు అంతకన్నా లేదు. పరేడ్ పూర్తయిందో లేదో దర్యాప్తు అధికారిని అడిగి తెలుసుకున్న తర్వాతే నిందితుడి ఫోటో వేయాలన్న నియమాన్ని మీ డెస్కులో, మీ జిల్లా ఎడిషన్లలో అమలు చేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక న్యాయవాది